రాజు బొమ్మకు వెనక సగం

బళ్లారి బ్రూస్‌పేటలో నేరం చేయదలచినవాళ్లందరికీ ఇందుమూలంగా ఒక హెచ్చరిక. కోదండరామి నిద్ర లేచాడు.

చూసేవాళ్లకు అతను గ్యాసులైట్లు బాడుగకిచ్చే అంగడివాడు. అది వట్టి మారువేషమని, అసలు తాను కంటిచూపుతోనే కుట్రలు ఛేదించే అపర మేధావినని అతని నమ్మకం. ఇంతవరకూ ఒక్క కేసూ రాలేదంటే అది నేరస్థుల పూర్వజన్మ సుకృతం. డిటెక్టివు పుస్తకాలు అద్దెకు తెచ్చి చదివీ చదివీ, ఈమధ్య తానే ఒకటి రాయడం మొదలుపెట్టాడు. దీపావళి ముందు మొదలుపెట్టిన పుస్తకం కార్తీకంలో గౌరీ పున్నమి వచ్చినా మొదటి వాక్యం దాటలేదు. ఆ వాక్యం ఇది: ‘మన డిటెక్టివు ఆజానుబాహుడు.’

“అంటే ఏందయ్యా?” అంది భార్య వరలక్ష్మమ్మ, పొయ్యి ఊదుతూ.

“చేతులు మోకాళ్ల దాకా ఉండేటోడు.”

“కోతా?”

కోదండరామి జాలిగా నవ్వాడు. “పిచ్చిదానా, అది అచ్చు. నీ సక్కెర బొమ్మలకు ఉన్నట్టే కతలకూ అచ్చులుంటాయి. రౌడీ అంటే బుగ్గ మింద గాటు. ముఠా నాయకుడంటే బొజ్జ, వజ్రాల ఉంగరం. డిటెక్టివంటే పెద్ద కోటు. అచ్చులో పోసి ఇప్పితే మనిషి తయారు.”

“యాడ తయారు? అచ్చులో నుంచి వచ్చేది వట్టి మొద్దు. అంచులు గీకి, ముక్కు దిద్ది, కండ్లు పెట్టేది నేను. గీకకుంటే అది చిలకో కాకో దాన్ని కన్నతల్లికీ తెలీదు. మాటలు సాలుగానీ, ఆ అచ్చులు జతలు కట్టి నీళ్లలో ఎయ్యి.”

ఆ ఇంట్లో పున్నమికి వారం ముందు నుంచీ చక్కెర పాకం తప్ప వేరే వాసన ఉండదు. గౌరీ పున్నమికి మగపెళ్లివాళ్లు నిశ్చయమైన పిల్లకు చక్కెర ఆరతి పంపడం ఆ వైపు ఆచారం. పళ్లెం నిండా చక్కెర బొమ్మలు: చిలకలు, నెమళ్లు, ఏనుగులు, నడుమ కిరీటం పెట్టుకున్న రాజు. వరలక్ష్మమ్మ చేతి బొమ్మకు బళ్లారిలో పేరుంది. అచ్చులు ఆమె తల్లి ఇచ్చినవి. ఒక్కొక్కటి రెండు చెక్కలు. ముఖం ఒకటి, వీపు ఒకటి. రెంటినీ కలిపి దారంతో కట్టి, నీళ్లలో నానబెట్టి, పాకం పోసి, ఆరినాక విప్పాలి. అన్నీ జతలే, ఒక్క కోతికి తప్ప. కోతి వీపు చెక్కను ఎప్పుడో చెదలు తినేసింది. అమ్మ ఇచ్చింది కదా అని మిగిలిన ముఖాన్ని వరలక్ష్మమ్మ పారేయలేక పెట్టెలోనే ఉంచింది.

మధ్యాహ్నానికి పాకం పోసిన అచ్చులన్నీ దారాలతోనే గోడవారగా ఆరుతున్నాయి. ఇక రాజును పోయాలి. వరలక్ష్మమ్మ పెట్టెలో చెయ్యి పెట్టింది. తర్వాత గంగాళంలో పెట్టింది. తర్వాత నెత్తిన పెట్టుకుంది.

“ఏమయ్యో! రాజు ముఖం ఉండాది, వీపు లేదు!”

కోదండరామి చేతిలోని పుస్తకం జారిపోయింది. జన్మంతా ఎదురుచూసిన కేక అది.

“ఏదీ ముట్టుకోవద్దు!” అన్నాడు.

“ముట్టుకోకుండా ఎట్ల ఎతికేది? సాయంత్రానికి పద్మావతమ్మ ఆరతి కప్పగల్లులో కాబోయే కోడలికి పోవాల. రాజు లేని పళ్లెం పంపితే పెండ్లికొడుకు లేని పెండ్లి మాదిరి ఉంటాది. ఆయమ్మ ఊరంతా చెప్తాది.” ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. “ఊరు ఏమన్నా అనుకోనీ. అది మా అమ్మ అచ్చయ్యా. అది దొరక్కపోతే ఇంక నేను పొయ్యి మింద సక్కెర పెట్టను.”

అది విని కోదండరామికి ఒక్క క్షణం నిజంగానే భయం వేసింది. కానీ మేధావికి భయపడే తీరిక ఎక్కడిది?

“రూపాయి మింద ఇంతకుముందు ఏముండె? రాజు తల! ఇది దొంగ నాణేల ముఠా పని.”

“ఆ రాజులు పోయి ఎన్నేండ్లాయె!”

“అందుకే పాత నాణేలు చేస్తాండారు. మొన్నే కదా ఆంధ్ర వేరే అయింది, మనం మైసూరులో కలిసింది? అచ్చులో ఒక సగం ఈడ పెట్టి, ఇంకో సగం సరిహద్దు దాటించినారు. అంతర్రాష్ట్ర కుట్ర!”

“పోయింది వీపు చెక్క కదయ్యా, దాంట్లో ముఖం ఏడుంటాది?” అంది వరలక్ష్మమ్మ. అప్పటికే అతను కోటు తొడిగాడు. పాత మిలిటరీ కోటు, కౌల్ బజారులో కొన్నది. ఒకప్పుడు దాన్ని తొడుక్కున్న సిపాయి ఆరడుగుల పైమాటే అయి ఉండాలి. కోదండరామికి అది చీలమండల కిందికి వస్తుంది. బళ్లారి ఎండలో అది తొడుక్కొని వీధి దాటడమే ఒక సాహసం.

జట్కా స్టాండులో హుసేనప్ప బీడీ కాలుస్తున్నాడు. బుగ్గ మీద గాటు, ఒక కన్ను మెల్ల. అచ్చులో పోసి తీసిన రౌడీ. కోదండరామి గోనెనార గడ్డం తగిలించుకొని దగ్గరికి వెళ్లాడు.

“ఏం కోదండన్నా, బాడుగ కావల్నా? గడ్డం కొత్తదా?”

“నేను కోదండన్నను కాదు. ఆదోని పత్తి వ్యాపారిని.”

“హౌదా? పత్తికి బదులు గోనె అంటుకున్నాది మూతికి. తుడుచుకో.”

పరిశోధకుడు చలించలేదు. సీటు కింద గుడ్డలో చుట్టిన వస్తువొకటి అతని డేగకంటికి దొరికింది. “ఆ మూటలో ఏముండాది?”

హుసేనప్ప అటూ ఇటూ చూశాడు. గొంతు తగ్గించాడు. “యార్‌కీ చెప్పొద్దన్నా. నవ్వుతారు.”

కోదండరామి ఊపిరి బిగబట్టాడు. మూట విప్పితే అల్లం, మిరియాలు కలిపి దంచిన బెల్లపు ముద్ద.

“మా రాణికి దగ్గు.” రౌడీ గుర్రం మెడ నిమిరాడు. “రాత్రంతా నిద్రలే. దానికీ లే, నాకూ లే.”

“మరి ఆ గాటు?”

“చిన్నప్పుడు మా అక్క ఉయ్యాల్లో నుంచి తోసె.”

కోదండరామి గడ్డం చేతిలో పట్టుకొని కౌల్ బజారు దారి పట్టాడు. అక్కడ చక్కెర, బెల్లం వ్యాపారి రాజగోపాలయ్య శెట్టి ఉన్నాడు. బొజ్జ ఉంది, వజ్రాల ఉంగరమూ ఉంది. కొసరు అడిగితే త్రాసును కూడా లోపల దాచే పిసినారి అని పేరూ ఉంది. ముఠా నాయకుడికి ఇంకేం కావాలి?

అంగడి వెనక సందులో నక్కి చూశాడు. రాజగోపాలయ్య దొంగలా అడుగులేస్తూ బయటికి వచ్చాడు. చేతిలో పొట్లం. గోడ మూల కూర్చొని, “రండి, రండి, ఎవురూ లేరు” అని గుసగుసలాడుతున్నాడు.

“కదలొద్దు!” అని కోదండరామి దూకాడు.

“నువ్వు కదలొద్దప్పా, తొక్కతావు!” అని రాజగోపాలయ్య అరిచాడు.

కింద చీమలు. వాటి ముందు గుప్పెడు చక్కెర.

“దినామూ ఏస్తావా శెట్టీ?”

“మా నాయన కాలం నుంచీ. పాపం, నోరులేనివి.” అంతలోనే శెట్టి అతని చేతులు పట్టుకున్నాడు. “కోదండరామీ, నీకు పుణ్యముంటాది, బయట చెప్పొద్దు. నేను మంచోన్నని తెలిస్తే గిరాకీ అంతా కొసరడుగుతారు!”

కోదండరామి ఇంటిదారి పట్టాడు. చెమటకు కోటు రెండింతలు బరువెక్కింది. గాటున్నవాడు గుర్రానికి మందు నూరుతున్నాడు, బొజ్జున్నవాడు చీమలకు విందు పెడుతున్నాడు. ఏ అచ్చు విప్పినా వేరే బొమ్మ బయటపడుతోంది. ఇట్లాగైతే డిటెక్టివులు బతికేదెట్లా? అన్నిటికన్నా, పొయ్యి దగ్గర కళ్లు తుడుచుకుంటున్న మనిషికి ఏమని చెప్పేది?

ఇంటి ముందు జట్కా ఆగి ఉంది. దాని మీద హుసేనప్ప ఉన్నాడు. లోపల గడప దగ్గర పద్మావతమ్మ పళ్లెం ముందు పెట్టుకొని కూర్చుంది. నిన్న పోసిన చిలకలూ నెమళ్లూ చుట్టూ ఉన్నాయి, నడుమ ఖాళీ.

“ఏం వరలక్ష్మీ, పొద్దు పోతాంది. రాజేడీ?”

వరలక్ష్మమ్మ మొగుడి ముఖం చూసింది.

“అమ్మా పద్మావతమ్మా,” కోదండరామి గంభీరంగా చెయ్యెత్తాడు, “ఈ కేసు వెనక పెద్ద చెయ్యి ఉండాది. నేను ఒక్క అడుగు ముందుకేస్తే...”

ఒక్క అడుగు ముందుకేశాడు. కోటు అంచు కాలికింద పడింది. మేధావి నేరుగా, వెతుకులాటలో పడి ఎవరూ విప్పని అచ్చుల వరస మీద బోర్లా పడ్డాడు. ఒక అచ్చుకు దారం తెగి, చెక్కలు రెండూ చెరోవైపు దొర్లాయి. నడుమ నుంచి తెల్లటి బొమ్మ ఒకటి బయటపడి నిలబడింది.

వాళ్లవైపు వీపు పెట్టి ఉంది. కిరీటం, భుజాల మీదుగా జారిన పట్టుశాలువ.

“రాజు!” అంది పద్మావతమ్మ.

వరలక్ష్మమ్మ దాన్ని మెల్లగా తిప్పింది. ముందువైపు కోతి పళ్లికిలించింది.

వరలక్ష్మమ్మ కింద పడిన చెక్కను తీసి గుండెలకు హత్తుకుంది. రాజు వీపు. ఇంతసేపూ కోతి ముఖానికి అతుక్కొని, పాకం తాగి, గోడవారనే కూర్చుంది.

“కోతికీ రాజుకూ జత కట్టిందెవరు?” అంది పద్మావతమ్మ.

కోదండరామి నేల మీది నుంచే భూతద్దం తీశాడు. తెగిన దారం పరిశీలించాడు.

“ఈ ముడి ఎడమచేత్తో ఏసినారు. అంటే అపరాధి కుడిచేతిలో ఇంకేందో పట్టుకొని ఉన్నాడు. ఏందో చదవతాండాడు...” దారం వాసన చూశాడు. “కిరసనాయిలు. అంటే దినామూ దీపాలతో పని చేసేటోడు...”

గొంతు సన్నబడింది. ఆగిపోయింది.

“చెప్పయ్యా,” అంది వరలక్ష్మమ్మ, “ఎవరో?”

“నేరస్థుడు దొరికినాడు,” అన్నాడు కోదండరామి నేల చూస్తూ.

“భలే!” అంది వరలక్ష్మమ్మ. “పట్టినోడూ నువ్వే, పట్టుబడినోడూ నువ్వే. కాఫీ ఒక్క గ్లాసే పోస్తా!”

పొయ్యి మీది పాకం ఇంకా వేడిగానే ఉంది. ఈసారి దారం వరలక్ష్మమ్మే కట్టింది. రాజు ఆరి, అంచులు గీకించుకొని, కళ్లు పెట్టించుకొని పళ్లెం నడుమ నిలబడ్డాడు. పళ్లెం కదలకుండా హుసేనప్ప తన దుప్పటి మడతపెట్టి సీటు మీద పరిచాడు.

జట్కా ఎక్కబోతూ పద్మావతమ్మ వెనక్కి తిరిగింది. “ఆ కోతిరాజును కూడా ఇయ్యి వరలక్ష్మీ. కోడలుపిల్ల నవ్వుకుంటాది.”

“అది ఇచ్చేది కాదమ్మా,” అంది వరలక్ష్మమ్మ, బొమ్మను గూట్లో పెడుతూ. “అది మా ఇంటాయన.”

జట్కా కప్పగల్లు దారి పట్టింది. కోదండరామి కోటు విప్పి, గూడు ముందు కూర్చొని, బొమ్మను చాలాసేపు చూశాడు. బొమ్మ కూడా అతన్ని చూసింది. తర్వాత పుస్తకం తీసి, ఆజానుబాహుణ్ణి అడ్డంగా కొట్టేశాడు. కింద రాశాడు:

‘మన డిటెక్టివుకు దారం కట్టడం రాదు.’

ఆ తర్వాత కలం ఆగలేదు.