టేకు కొయ్యకు పర్మిట్

ఆ పొద్దున తబితా వేసుకున్న పథకం చాలా చిన్నది. కొత్తగూడెం గూడ్సు షెడ్డులో దిగిన తెరచాప పడవను ట్రాక్టరు ట్రాలీ మీదికెక్కించి, గోదావరి వంతెన దాటించి, సాయంత్రం ఆరులోగా భద్రాచలం ఒడ్డున వెంకటప్పయ్యకు అప్పజెప్పాలి. మిరపతోటల రైతు వెంకటప్పయ్యకు ఆ ఏడాది, అంటే 2006లో, పడవ షికారు వ్యాపారం మీదికి మనసు పోయింది.

తబితా వృత్తే అది. ఎవరో కొన్న తెరచాప పడవను సముద్రాల మీదుగా నడుపుకుంటూ పోయి వాళ్ల రేవులో అప్పజెప్పడం. ఎనిమిదేళ్లలో పదకొండు పడవలు చేర్చింది. అయినా సెలవుకు ఇల్లందు వచ్చినప్పుడల్లా తండ్రి సంసోనుది ఒకటే పాట. ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలో దిగిన మనిషికి నీళ్ల మీద నమ్మకం లేదు.

"గాలిని నమ్ముకొని బతుకుడు ఏం కొలువు బిడ్డా? మిషన్ స్కూల్ల టీచర్ పోస్టున్నది. నా కండ్ల ముందల ఒక్క పడవ టైముకు చేర్చి చూపియ్యి. లేకుంటే సోమవారం పోయి స్కూల్ల చేరు."

"చేరుస్త. మళ్ల జన్మల స్కూలు పేరెత్తొద్దు," అంది తబితా. కోపం కన్నా బాధే ఎక్కువుంది ఆ మాటలో.

గడియారం చేతబట్టి సంసోనూ ట్రాలీ ఎక్కాడు. నది ఇంకో అర కిలోమీటరుందనగా అటవీ చెక్‌పోస్టు దగ్గర గార్డు సీతయ్య అడ్డకర్ర దించాడు.

"ఏందమ్మా ఇది?"

"పడవ."

"పడవ నాకూ కనవడుతుంది. దాని మీద పండవెట్టిన దుంగేంది?"

"తెరచాప కట్టే కొయ్య."

సీతయ్య దాన్ని గోరుతో గీకి, వాసన చూసి, టేపు పెట్టి కొలిచాడు. "టేకు. ఇరవై రెండడుగులు. పర్మిట్ ఏది?"

పడవకు కాగితాలున్నాయి గాని కొయ్యకు విడిగా లేవు. తానెవరో తెలిస్తే వదిలేస్తాడని తబితా తన ప్రయాణాల పుస్తకం చూపించింది. పేజీ పేజీకీ విదేశీ రేవుల ముద్రలు చూసి సీతయ్య కళ్లు పెద్దవయ్యాయి. ఇంట్లో ఒక్కనాడూ కూతుర్ని మెచ్చుకోని సంసోనుకు అప్పుడే పౌరుషం పొడుచుకొచ్చింది.

"ఏమనుకుంటున్నవ్ సారూ! నా బిడ్డ గిసొంటియి పదకొండు పరాయి దేశాలల్ల అప్పజెప్పింది!"

'పదకొండు టేకు దుంగలు, విదేశాలకు' అని రాసుకుని సీతయ్య రేంజి ఆఫీసరుకు ఫోన్ కొట్టాడు.

"నువ్వు జర ఊకో నాయినా," అంది తబితా పళ్లు బిగించి.

నాలుగింటికి ఆఫీసరు ఉదయ్ భాస్కర్ జీపులో దిగి మాల్ జప్తు అన్నాడు. ట్రాక్టరు కూడా రాయమంటారా అని సీతయ్య అడగడం డ్రైవరు లచ్చిరాం చెవిన పడింది. అతను చప్పుడు చేయకుండా ట్రాలీ విప్పేసి, ట్రాక్టరుతో అడవి దారిన మాయమయ్యాడు. జీపుతో లాగి చూశారు. క్లచ్చు కాలిన వాసన వచ్చింది గాని ట్రాలీ కదల్లేదు.

"కలప డిపో చూస్తే అవతలి ఒడ్డున! ఇవాళే చేర్చాలి. ఇప్పుడెలాగయ్యా?" ఉదయ్ భాస్కర్ చెమట తుడుచుకున్నాడు.

తబితా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "నేను చేరుస్త సార్. నా పనే గది. రేవు దాకా మాత్రం మీరే నూకాలె."

"జప్తు చేసిన మాల్ నీ చేతికెలా ఇస్తానమ్మా?"

"మీరు గూడ ఎక్కండి. మాల్‌కు కావలుండాలె గద."

గత్యంతరం లేక అటవీ శాఖ యావత్తూ చేతులేసి ట్రాలీని పల్లం దారిన రేవుకు నెట్టింది. కొయ్య నిలబెట్టే తాడు సీతయ్యే లాగాడు. గాలికి తెరచాప నిండేసరికి ఆఫీసరు రెండు చేతులా కొయ్యను వాటేసుకున్నాడు. సంసోను చేతిలో గడియారముంది గాని దాన్ని చూడటం మరిచి, చుక్కాని పట్టిన కూతురినే చూస్తున్నాడు.

అవతలి ఒడ్డున డిపో గుమాస్తా రిజిస్టరు తెరిచాడు. "కలప ఏ వాహనంల వచ్చింది సార్?"

"పడవలో."

"ఏ పడవ?"

"ఇదే."

"మరి కలపేది?"

ఉదయ్ భాస్కర్ తన కౌగిలిలో ఉన్న కొయ్యను చూశాడు. జప్తు చేసిన మాల్ మీదే సర్కారు ఆఫీసరు ఏరు దాటాడని తన చేత్తో తానే రాసుకోవాలి. అతను జప్తు కాగితం నాలుగు ముక్కలు చేసి నీళ్లలో వదిలేశాడు. "కలపేంటయ్యా? నేను షికారుకొచ్చాను."

ఆరుకు పది నిమిషాలుందనగా వెంకటప్పయ్య సంతకం చేశాడు. తబితా తండ్రివైపు తిరిగింది.

"ఏమంటవ్ నాయినా?"

"ఏమంట? ఇగ స్కూలు పేరెత్తను."

సోమవారం సంసోనే మిషన్ స్కూలుకు వెళ్లి, మా అమ్మాయి రాదని చెప్పి, ఏడో తరగతికి సముద్రాల మీద గంటసేపు పాఠం చెప్పి వచ్చాడు.