బదిలీ లేని కవరేజీ

మండపేట రైసు మిల్లులకు గోనె సంచులు అమ్మడం నా వ్యాపారం. ముప్ఫై ఏళ్ళుగా ప్రతి సంచినీ వెలుగుకు ఎత్తిపట్టి, కంతలు చూసుకున్నాకే కొన్నాను. అలాంటి నన్ను మోసం చేయడం అంత తేలిక కాదు. చేసిన మనిషి ఒక్కరే ఉన్నారు. ఆవిడ ప్రస్తుతం వంటింట్లో ఉంది కాబట్టి కాస్త మెల్లగా చెబుతాను.

రెండు వేల నాలుగు, వేసవి. కాకినాడలో డాక్టరు గారు నా గుండె ఫిలిం వెలుగుకు ఎత్తిపట్టి చూశారు, అచ్చం నేను సంచిని చూసినట్టే. సంచికి కంతలుంటే తప్పు. నాకేమో ఉండాల్సినవే మూడు మూసుకుపోయాయట.

"ఆపరేషన్ చేయించుకోండి అప్పాజీ గారూ. లేకపోతే ఏడాది గడవడం కష్టం. చేయించుకుంటే వందలో తొంభై ఏడు మంది బాగానే ఇంటికి వెళతారు."

"మిగతా ముగ్గురండీ?"

ఆయన ఫిలిం తీసి కవరులో పెట్టేశారు.

ఆ ముగ్గురిలో ఒకరిని నేనెరుగుదును. మా అన్నయ్య రాజరత్నం. అదే ఆపరేషన్‌కి కారు ముందు సీట్లో కూర్చుని, డ్రైవరుకు దారి చెబుతూ వెళ్ళాడు. తిరిగి తెచ్చేటప్పుడు సీట్లు తీసేసిన వ్యాను మాట్లాడాల్సి వచ్చింది.

అందుకని ఆపరేషన్ వద్దనుకున్నాను. మా ఆవిడ సూర్యకళకు చెప్పనూ వద్దనుకున్నాను. ఉన్న ఏడాదీ ఆవిడను తిప్పి చూపిద్దామనేది నా పథకం. ముప్ఫై ఒక్క ఏళ్ళ కాపురంలో అన్నవరం దాటించలేదు. మంచు కొండ దగ్గరికి వెళ్ళి మంచు ముట్టుకోవాలని ఆవిడ కోరిక. ఫ్రిజ్‌లో ఉంది ముట్టుకో అని ఇన్నేళ్ళూ దాటేశాను.

రాజమండ్రి వెళ్ళి, రెండు పడకలూ గ్యాస్ పొయ్యీ నీళ్ళ ట్యాంకూ అమర్చిన వ్యాను కొనుక్కొచ్చాను.

"ఏంటండీ ఇది?"

"ఇల్లే. చక్రాలున్నాయి, అంతే తేడా."

"అన్నవరానికి బస్సు టిక్కెట్టు దండగన్న మనిషి చక్రాల ఇల్లు కొన్నారా? ఒంట్లో బాగానే ఉందా?"

"నాకేం? గుండ్రాయిలా ఉన్నాను," అని గుండె మీద కొట్టుకోబోయి ఆగి, పొట్ట మీద కొట్టుకున్నాను. డాక్టరు రిపోర్టు మాత్రం వ్యానులోని పొయ్యి కింద దాచాను.

మూడో రోజు షోరూం నుంచి గణేష్‌బాబు వచ్చాడు. ఊళ్ళో అందరూ గ్యారంటీ గణేష్‌బాబు అంటారు. ఆయన స్కూటరు మాత్రం రోజూ నలుగురు తోస్తేగాని కదలదు.

"కంపెనీ వారంటీ ఏడాదేనండి. ఆ తర్వాత ఇంజిను పోయినా గేరుబాక్సు పోయినా ఖర్చు మీదే. ఇరవై ఆరు వేలు కడితే, ఇంకో ఐదేళ్ళు ఆ బాధ మాదండి."

నేను లెక్క వేశాను. ఈ కవరేజీ తీసుకుంటే నేను లేని ఐదేళ్ళకు డబ్బు కట్టినట్టు. తీసుకోకపోతే, నా వెనకే ఇంజిను కూడా పోతే, సూర్యకళ ఇద్దరికీ ఏడవాలి.

"ఓనరు పోతేనో?" అన్నాను.

"ఎక్కడికండి?"

"పోతేనయ్యా!"

"ఆయ్... రద్దయిపోద్దండి. డబ్బు వెనక్కి రాదు. బదిలీ ఉన్నది తీసుకుంటే అమ్మగారి పేరున మారుద్ది. దానికి ఇంకో రెండు వేలు ఎక్కువండి."

సరుకు తిరిగొస్తే ఏంటని అడగకుండా నేనెప్పుడూ బేరం ముగించను. బేరమాడకుండా అసలే ముగించను. "ఆ రెండు వేలు తగ్గించు. ఏడాదిలోపే మార్చుకుంటాం," అనేశాను.

గణేష్‌బాబు నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "మేనేజరు గారిని అడిగి ఫోన్ చేస్తానండి," అన్నాడు. కొట్లో ఫోను పాడై ఉంది. ఇంటి నంబరు ఇచ్చాను. అంత తెలివైనవాణ్ణి మరి.

మర్నాడు మధ్యాహ్నం భోజనానికి కూర్చుంటే పప్పు చప్పగా ఉంది. నెయ్యి లేదు. ఆవకాయ జాడీ కనపడలేదు.

"ఉప్పేదే?"

"గణేష్‌బాబు ఫోన్ చేశాడు."

ముద్ద కంచంలో పెట్టేశాను.

"ఏడాదిలోపే మార్చుకునేవాళ్ళకి వెయ్యి తగ్గిస్తారట. 'అయ్యగారికి ఏమైందమ్మా' అని ఆయన నన్ను అడిగాడు. నేనేం చెప్పనండీ? నాకు తెలిస్తే కదా!"

"వ్యాపారం అన్నాక సవాలక్ష అడుగుతాం..."

ఆవిడ లేచి తిన్నగా వ్యాను ఎక్కి, పొయ్యి ఎత్తి, రిపోర్టు పట్టుకొచ్చింది.

"ఎలా తెలిసిందే?"

"పొయ్యి వైపు మీరెప్పుడూ రారు. అక్కడైతే ఎవరికీ కనపడదనుకుంటారు."

ఏడిస్తే ఓదార్చేవాణ్ణి. ఏడవలేదు. రెండు రోజులు ఆ చప్పటి పప్పే పెట్టింది. మూడో రోజు ఒక్కతే బస్సెక్కి రాజమండ్రి వెళ్ళొచ్చి, షోరూం ముద్ర ఉన్న కాగితం దూరం నుంచే చూపించింది.

"ఐదేళ్ళ కవరేజీ. ఇరవై ఆరు వేలు."

"బదిలీ ఉన్నదేనా?"

"లేనిది. రెండు వేలు మిగిలాయి."

"పిచ్చిదానా! నేను పోతే?"

"మొత్తం గోదాట్లో కలిసిపోద్ది. వెనక్కి రాదని మీకు ముందే చెప్పాడట కదా."

ఆవిడ నా ఎదురుగా చతికిలబడింది.

"బావగారిని దింపిన రోజు మీరెలా అయిపోయారో చూశాను. భయపడొద్దని నేను చెప్పనండీ. నాకూ భయమే. కానీ ఒక కట్టలో వందకి మూడు కంతల సంచులు, ఇంకో కట్ట మొత్తం కంతలే. మీరైతే ఏది కొంటారు?"

జూలైలో ఆస్పత్రిలో చేరాను. పక్క మంచంలో కొవ్వూరు రైతు. నాకంటే ఒక రోజు ముందు ఆయన్ని లోపలికి తీసుకెళ్ళారు. సాయంత్రం నర్సు వచ్చి ఆ మంచం మీద దుప్పటి మార్చింది.

మర్నాడు ఉదయం సంతకానికి కాగితం తెచ్చారు. ప్రాణాపాయం కలిగితే ఆస్పత్రికి బాధ్యత లేదని రాసుంది. "ఇందులోనూ వెనక్కి ఇవ్వడాలు లేవు," అన్నాను. ఎవరూ నవ్వలేదు. కలానికి మూత పెట్టేశాను. సూర్యకళ తలగడ పక్కన షోరూం కాగితం పెట్టింది.

ఇరవై ఆరు వేలు. సంతకం పెట్టాను.

తలుపు దాకా ఆవిడ నా చెయ్యి వదల్లేదు. వ్యాను తాళం ఆ గుప్పిట్లోనే ఉందనుకుంటాను, నా వేళ్ళకు గుచ్చుకుంది.

ఇంటికొచ్చిన పదో రోజు, కవరేజీ ఏ తేదీ నుంచి మొదలో చూద్దామని ఆ కాగితం అడిగి తీసుకున్నాను. అలవాటు కొద్దీ వెలుగుకు ఎత్తిపట్టాను. పైన 'కొటేషన్' అని ఉంది. అడుగున చిన్న అక్షరాలు: ఇది డబ్బు చెల్లించిన రసీదు కాదు.

"సూర్యకళా! డబ్బు కట్టలేదా?"

వంటింట్లోంచి సమాధానం వచ్చింది. "మీరు బయటికి వస్తారో రారో తెలియకుండా ఎలా కడతానండీ? వృథా అయిపోదూ?"

కుట్లు లాగాయి. నవ్వుకో, ఏడుపుకో నాకూ తెలియలేదు.

గరిటె చప్పుడు ఆగింది. ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. "రేపు గణేష్‌బాబుని రమ్మంటాను. ఏది తీసుకుందాం? బదిలీ ఉన్నదా, లేనిదా?"

"లేనిదే," అన్నాను. "రెండు వేలు ఎందుకు దండగ?"