ఒకటింపావు మనుషుల ఇల్లు

మనిషి బతికున్నాడని చెప్పడానికి ఊపిరి, నాడి, మాట వగైరా పాతకాలపు ఆధారాలన్నీ రద్దయ్యాయి. ఇక మీదట కరెంటు మీటరు ఒప్పుకుంటేనే మనిషి. (మీటరుకి అబద్ధమాడటం రాదు. నిజం చెప్పడం కూడా రాదు, అది వేరే సంగతి.)

ఈ సత్యం మాకు పరాయి దేశంలో, పట్నానికి గంట దూరంలో, పొలాల మధ్య ఇల్లు తీసుకున్నాక బోధపడింది. మా ఆయన, నేను, మా అమ్మ. దిగిన వారానికే ఇంధన పొదుపు శాఖ నుంచి నలభై పేజీల పుస్తకం వచ్చింది, వాడకం తగ్గించుకోమని. దాన్ని అమ్మ తెరవను కూడా తెరవలేదు. ఆవిడ పుట్టుకతోనే ఆ శాఖ.

"బయటంతా ఫ్రిజ్జే కదే, మళ్ళీ ఇంట్లో ఇంకోటెందుకు?" అని పాలగిన్నె కిటికీ బయట పెట్టింది. పొద్దున్నే ఒక్కసారి నీళ్ళు కాచి, రోజుకి సరిపడా టీ ఫ్లాస్కులో పోసేది. ముగ్గురం ఒకే గదిలో, ఒకే హీటరు ముందు. గీజరు వేసి, తలుపు దగ్గర నిలబడి, "కానివ్వండి, కానివ్వండి" అని వరసగా స్నానాలు చేయించేది. మా ఆయన వరండా దాటే లోపు వెనక లైటు ఆరిపోయేది. ఆయన మోకాలికి రెండుసార్లు కట్టు కట్టాం.

మూడో నెలలో నివాస నిర్ధారణ అధికారి వచ్చాడు. కోటు విప్పకుండానే కూర్చున్నాడు. (తెలివైనవాడు.) నిబంధన ప్రకారం మనిషన్నవాడు రోజుకి నాలుగు యూనిట్లు వాడతాడు. మా ఇంట్లో ఐదే కాలుతున్నాయి. కాబట్టి ఇక్కడ ఉంటున్నది ఒకటింపావు మంది.

"నేను కనబడటం లేదా నాయనా?" అంది అమ్మ.

"కనబడుతున్నారు అమ్మగారూ. కానీ కనబడటం నియమావళిలో లేదు."

"మరి నీ చేతిలో టీ ఎవరు పెట్టారంటావు?"

అధికారి తన పలకలాంటి యంత్రంలో వెతికాడు. "ఈ పూట కెటిల్ వాడిన దాఖలా లేదే," అని బాధపడి, టీ మాత్రం తాగేశాడు.

కనెక్షను నా పేరున ఉంది కనక నేను నిండు మనిషిని. ఉద్యోగానికి పోయి రాత్రికి వస్తాడు కనక మా ఆయన పావు. అమ్మ సున్నా. ఇంట్లో లేని మనిషికి ఈ దేశంలో ఉండే అనుమతి పొడిగించరు. అయితే దయగల ప్రభుత్వం కనక అప్పీలుంది. అమ్మ గదికి విడిగా మీటరు పెడతారు. నెల రోజుల్లో నూట ఇరవై యూనిట్లు వాడి చూపిస్తే ఆవిడ ఉన్నట్టు.

హీటరు, రెండు లైట్లు, ఫ్యాను (ఆ చలిలో) వేసి అమ్మని కూర్చోబెట్టాను. పది నిమిషాలకి అన్నీ ఆపేసి బయటికొచ్చింది.

"అమ్మా, నీకు దణ్ణం పెడతాను, వాటి జోలికి వెళ్ళకు. అవి వెలిగితేనే నువ్వు నా దగ్గరుంటావు."

"తెలుసే. చెయ్యి ఆగడం లేదు."

తిట్టాను. బతిమాలాను. స్విచ్చుల మీద టేపు అంటించాను. ఒకరోజు ఆవిడ ముందే ఏడ్చేశాను. అమ్మ నా కళ్ళు తుడిచి, పాపం, మధ్యాహ్నం దాకా ఓర్చుకుంది. తర్వాత టేపు జాగ్రత్తగా, చిరక్కుండా ఊడదీసి, మళ్ళీ పనికొస్తుందని చుట్టి దాచింది.

నెలాఖరుకి తేలినవి పదకొండు యూనిట్లు. అందులో తొమ్మిది, అమ్మ స్నానానికి వెళ్ళినప్పుడల్లా నేను దొంగచాటుగా వెలిగించినవి.

అప్పీలు కొట్టేశారు. ఆ ఉత్తరంతో పాటే, అదే భవనంలో అదే అంతస్తులో ఉన్న ఇంధన పొదుపు శాఖ నుంచి బంగారు అంచు ప్రశంసాపత్రం కూడా వచ్చింది. జిల్లా మొత్తానికి మా ఇల్లే ఆదర్శమట. ప్రతి ఇంట్లోనూ మా అమ్మలాంటి పెద్దావిడ ఒకరు ఉండి తీరాలని రాశారు.

అమ్మ విమానం ఇరవయ్యో తారీఖున.