దుర్గారావు లేవకూడదు

అనుకున్న ప్రకారం జరిగితే దుర్గారావు ఆ ఉదయం తొమ్మిదింటికి ఆటో ఎక్కి, పదింటికి వైద్య శిబిరంలో కూర్చుని, మధ్యాహ్నానికి ఆగిపోయిన తన పింఛనును తిరిగి తెచ్చుకోవాలి. ఎనిమిదేళ్ల కిందట కొబ్బరి దింపు తీస్తూ చెట్టు మీది నుంచి పడినప్పుడు విరిగిన తుంటి సరిగా అతకలేదు. అప్పట్లో అరవై శాతం వైకల్యమని ఇచ్చిన పత్రాన్ని మొన్నటి పునఃపరిశీలనలో ముప్పై ఐదుకు దించారు. నలభై లోపు వారికి పింఛను లేదు. ఇంట్లోకి బియ్యమూ మాత్రలూ ఆ పింఛనుతోనే వచ్చేవి. అప్పీలుకు ఇదే ఆఖరి అవకాశం.

శాతం ఎందుకు తగ్గిందో విశ్రాంత ఇంగ్లీషు ఉపాధ్యాయులు పట్టాభిరామయ్య గారు విచారించి తేల్చారు. ఆ పునఃపరిశీలన రోజు డాక్టరు గారు గదిలోకి రాగానే దుర్గారావు లేచి దండం పెట్టాడు. ఎలా ఉన్నావని అడిగితే, "తమ దయవల్ల బాగున్నానండీ" అన్నాడు.

"నీ మర్యాదే నీ కొంప ముంచిందిరా. ఈసారి ఎవరొచ్చినా లేవకు. ఎలా ఉన్నావంటే బాగోలేదను."

"పెద్దోరొస్తే కూర్చునుండమంటారేంటండీ? ఆరో తరగతిలో లేవలేదని తమరే కదండీ బెత్తం విరగ్గొట్టేరు!"

"అది స్కూలు. ఇది గవర్నమెంటు."

తాను లోపలికి వస్తే సిఫారసు అనుకుంటారని, బయట జిరాక్సు కొట్టు దగ్గరే ఉంటానని మాస్టారు ముందే చెప్పారు.

దుర్గారావు తెల్లవారగానే సాధన మొదలుపెట్టాడు. పాలు పోయడానికి వచ్చిన శివనాగరాజు, "ఏం బావా, బాగున్నావా?" అన్నాడు.

"బాగోలేదు," అన్నాడు దుర్గారావు, అరుగు మీది నుంచి కదలకుండా.

కోనసీమలో ఆ ప్రశ్నకు ఒక్కటే జవాబు. టైఫాయిడ్‌తో మంచం పట్టినవాడు కూడా "ఆయ్, బాగున్నానండీ" అనే అంటాడు. శివనాగరాజు హడలిపోయి, తక్కిన పదిహేడు ఇళ్లలోనూ పాలతో పాటు ఆ కబురూ పోశాడు. రెండో ఇంట్లో ఒంట్లో బాగోలేదన్నది అయిదో ఇంటికి మాట పడిపోవడమైంది. ఆటో వెళ్లడం చూసినవాళ్లు ఆశలు వదులుకున్నారు. దుర్గారావు ఒకప్పుడు దింపు తీసిన తోటల యజమాని అమ్మిరాజు గారికి కబురు చేరేసరికి దుర్గారావు గతించాడు.

పదకొండింటికి అమ్మిరాజు గారు సంచిలో పూలదండతో శిబిరం ముందు దిగారు.

"ఎంత పనైపోయిందండీ మాస్టారూ! మన దుర్గారావు పోయేడంట కదండీ."

"ఎక్కడ? ఎప్పుడు?"

"ఇక్కడేనంటండీ. ఊరంతా అనుకుంటన్నారు."

గంట కిందట తానే చెయ్యి పట్టి లోపలికి పంపిన మనిషి ఇంకా బయటికి రాలేదు. మాస్టారు జిరాక్సు కాగితాలు అక్కడే జారవిడిచి పరుగెత్తారు.

లోపల అంతా సవ్యంగానే జరుగుతోంది. డాక్టర్ శ్రీవిద్య గారు వచ్చినప్పుడు దుర్గారావు కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకుని, సిగ్గుతో తల వంచుకుని కూర్చునే ఉన్నాడు. ఎలా ఉన్నారంటే, "బాగోలేదండీ, క్షమించాలండీ" అన్నాడు.

ఆమె ఎక్స్‌రే చూసి, "ఈ తుంటికి ముప్పై ఐదేమిటండీ? యాభై దాటుతుంది" అంటూ కలం తీశారు. గోడ పక్కన అతని భార్య భవాని చెంగుతో కళ్లు తుడుచుకుంది.

తలుపు భళ్లున తెరుచుకుంది. గుమ్మంలో పట్టాభిరామయ్య గారు.

దుర్గారావు లేచాడు. చేతికర్ర లేదు, గోడ ఆసరా లేదు. నిటారుగా నిలబడి, "నమస్కారమండీ మాస్టారూ" అన్నాడు.

"బతికే ఉన్నావట్రా!"

"ఆయ్, తమ దయవల్ల బాగున్నానండీ."

ఒక్క క్షణం మాస్టారి ఛాతీ పొంగిన మాట వాస్తవం. మరుక్షణం ఆయన డాక్టరు గారి కలం ఆగిపోవడం చూశారు.

"ఏ ఆసరా లేకుండా లేచేరే!" అన్నారామె.

"అది గౌరవం, డాక్టరు గారూ. ఆరోగ్యం కాదు."

"గౌరవానికి ఇందులో శాతం లేదండీ." ఆమె దిగులుగా గది మూలకు చూశారు. "పైవాళ్లు కెమెరా పెట్టేరు. అది చూసింది నేను చూడలేదనలేను."

ముప్పై ఐదే ఖాయమైంది. స్వయంగా లేచి నిలబడగలడని కారణం రాశారు. అతన్ని మళ్లీ కూర్చోబెట్టడానికి మాస్టారు, భవాని, దండతో వెనకే పరుగెత్తుకొచ్చిన అమ్మిరాజు గారు ముగ్గురూ పట్టవలసి వచ్చింది గాని, ఆ సంగతి రాయడానికి కాగితంలో గడి లేదు.