నది మధ్య గంటస్తంభం

మనిషన్నవాడు నాలుగు దేశాల గుండా పారే నది మీద ఓడలో ఒక్కసారైనా వెళ్లి రావాలి, వెళ్లనివాడిది సగం జన్మే! ఈ మహాసిద్ధాంతాన్ని పెద్దల్లుడు మామగారింటి భోజనాల బల్ల దగ్గర ప్రకటించాడు. ఆఫీసు పని మీద వెళ్లినప్పుడు తానొక్కడే ఆ ప్రయాణం చేసి వచ్చాడట. అప్పట్నుంచి మంచినీళ్లు అడిగినా నదితోనే మొదలుపెట్టేవాడు. మామగారు అతన్ని తన పక్కనే కూర్చోబెట్టుకునేవారు. చిన్నల్లుడికి మాత్రం బల్ల చివర, ఫ్రిజ్ పక్కన కుర్చీ.

చిన్నల్లుడు వంతెనల శాఖలో సూపరింటెండెంటు. సీట్లోంచి లేవకుండా తనిఖీ నివేదికలు రాయడంలో చెయ్యి తిరిగినవాడు. ‘పిట్టగోడపై పావురం గూడు కలదు’ అని ఒక ముక్క చేరిస్తే ఎవరూ అనుమానించరని ఆయన అనుభవం. అలాంటి నివేదికల కింద ‘స్వయముగా చూచితిని’ అని సంతకాలు పెట్టి పెట్టి, అదే శాఖలో చీఫ్ ఇంజనీరుగా రిటైరైనవారు మామగారు.

“మిమ్మల్ని ఆ ఫ్రిజ్ పక్కన చూడలేక చస్తున్నానండీ. అక్క ముందు తలెత్తుకోలేకపోతున్నా. మనమూ వెళ్దాం” అంది సూపరింటెండెంటు భార్య.

వెళ్లారు. తీరా చూస్తే నదిలో నీళ్లు తగ్గిపోయి, ఓడ మొదటి దేశపు రేవులోనే ఆగిపోయింది. మిగతా దేశాలు బస్సులో చూపిస్తామన్నారు ఓడవాళ్లు.

“బస్సా! అందరికీ ఓడ అని చెప్పి బస్సెక్కితే నా పరువేం కాను?” అని సూపరింటెండెంటు కదల్లేదు. సెలవు ముగిసేదాకా ఓడలోని తన గది కిటికీలోంచి ఎదురుగా ఉన్న గోదాం గోడ చూశాడు.

“నిజం తెలిస్తే బావగారు మనల్ని బతకనిస్తారా?” అని భార్య కళ్లనీళ్లు పెట్టుకుంది.

“నివేదిక ఇచ్చేది నేను కదా! నీకెందుకు బెంగ?”

తిరిగొచ్చాక బల్ల దగ్గర ఆయన విజృంభించాడు. “మూడో దేశంలో నది నట్టనడుమ గంటస్తంభం ఉంది మావయ్యగారూ! తాడు లాగి గంట కొట్టనిదే ఓడను ముందుకి పోనివ్వరు. పైన పావురం గూడు కూడా ఉంది.”

మామగారు పెద్దల్లుడి వైపు తిరిగారు. “మీరెప్పుడూ ఈ గంట సంగతి చెప్పలేదే?”

పెద్దల్లుడి చేతిలో గ్లాసు ఒక్క క్షణం ఆగింది. “చెప్పలేదూ? భలేవారే! రెండు చేతులా లాగి కొట్టాను. చెవులు గింగురుమన్నాయి. ఆ పావురం ఇంకా ఉందా తమ్ముడూ?”

“ఉందన్నయ్యా. పిల్లల్ని కూడా పెట్టింది.”

ఓరి దొంగా, నువ్వూ వెళ్లలేదన్నమాట! సూపరింటెండెంటుకి ఒళ్లు మండిపోయింది. అక్కడికక్కడే కడిగేద్దామనుకున్నాడు. కానీ గంట అబద్ధమని చెప్పాలంటే ఆ అబద్ధం ఎవరిదో కూడా చెప్పాలి. బల్ల కింద భార్య కాలు తొక్కింది. కోపాన్ని మంచినీళ్లతో పాటు మింగేశాడు.

“అల్లుళ్లిద్దరూ కొట్టిన గంట నేను కొట్టకపోతే ఎలా? నేనూ మీ అత్తయ్యగారూ బయల్దేరుతున్నాం” అన్నారు మామగారు.

అల్లుళ్లిద్దరూ ఒకేసారి కుర్చీల్లోంచి లేచారు. “అక్కడ చలండీ!” అన్నాడొకడు. “మీ మోకాళ్లకి పడదండీ!” అన్నాడింకొకడు. ఆయన వింటేనా! పైగా ఈసారి నది నిండుగా ఉంది. తోడల్లుళ్లిద్దరూ జీవితంలో మొదటిసారి రోజూ ఫోన్లో మాట్లాడుకుని, ఒకరికొకరు ధైర్యం చెప్పుకున్నారు.

పెద్దవాళ్లు తిరిగొచ్చారు. అందరూ బల్ల చుట్టూ చేరారు. సూపరింటెండెంటు భార్య భర్త చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“ఇక ఆ గంట విషయానికొస్తే...” అని మామగారు గొంతు సవరించుకున్నారు.

“ఏ గంటండీ? నాలుగు దేశాలూ కళ్లు విప్పార్చుకు చూశాను, నదిలో గంటా లేదు, స్తంభమూ లేదు!” అన్నారు అత్తగారు.

మామగారు ఒక అల్లుణ్ని చూశారు, ఇంకో అల్లుణ్ని చూశారు. కిందివాళ్లు ఇచ్చిన నివేదికను కాదనడం ఆయన సర్వీసులోనే లేదు.

“నువ్వు నిద్రపోయావులే. గంట ఉంది. స్వయంగా చూశాను, కొట్టాను. పావురం పిల్లలు మాత్రం ఎగిరిపోయాయి.”

“అమ్మకి మతిమరుపు మొదలైనట్టుందే అక్కా” అంది సూపరింటెండెంటు భార్య, హాయిగా ఊపిరి పీల్చుకుని.

ఇప్పుడు మామగారికి ఆ పక్కా ఈ పక్కా అల్లుళ్లిద్దరూ కూర్చుంటున్నారు. అత్తగారికి ఫ్రిజ్ పక్కన కుర్చీ వేశారు.