మలుపు తిరగని ట్రాక్టర్

శనివారం ఉదయం మనోహర్ వేసుకున్న ప్లాన్‌కి వంక పెట్టడానికేమీ లేదు. పదింటిలోగా గడ్డి కోసేయాలి. స్నానం చేసి ఇస్త్రీ చొక్కా వేసుకోవాలి. మూడింటికి ఇంటి ఓనర్ డాక్టర్ శేషగిరిగారూ, ఆయన భార్య జానకీదేవిగారూ వస్తారు. మనోహర్ భార్య నమ్రత ఉల్లిపాయ పకోడీలు వేస్తుంది. అవి తింటూ డాక్టర్‌గారు ఇంకో రెండేళ్లకి లీజ్ మీద సంతకం పెడతారు. అంతే.

ఆ సంతకం పడకపోతే మాత్రం కొంప మునిగినట్టే. మనోహర్ కూతురు స్మృతికి హైస్కూల్లో ఇంకా ఒక్క ఏడాది మిగిలి ఉంది. ఆ స్కూల్ పరిధిలో అద్దెకి ఖాళీగా ఉన్న ఇల్లు అమెరికాలోని ఈ బెంటన్‌విల్ ఊరు మొత్తం మీద ఒక్కటీ లేదని నమ్రత నెల్లాళ్లు వెతికి మరీ తేల్చింది. "ఈ ఇల్లు పోతే స్కూల్ మారాలి. లాస్ట్ ఇయర్లో స్కూల్ మారిస్తే అది జన్మలో మనతో మాట్లాడదండీ," అని రోజుకి రెండుసార్లు గుర్తు చేస్తోంది. వినీ వినీ మనోహర్‌కి నిద్ర పట్టడం మానేసింది.

శేషగిరిగారు డెబ్బయ్యారేళ్ల ఎముకల డాక్టర్. రిటైరయ్యాక, భార్య మోకాళ్లు మెట్లెక్కనివ్వడం లేదని ఈ ఇల్లు అద్దెకిచ్చి, అరగంట దూరంలో లిఫ్ట్ ఉన్న కాండో ఫ్లాట్‌లోకి మారారు. మారారే గాని మనసంతా ఇక్కడి గడ్డి మీదే. షెడ్‌లో ఉన్న గడ్డి కోసే ట్రాక్టర్ కూడా ఆయనదే. ఎర్రది, చిన్నది, ఇరవై రెండేళ్ల నాటిది. తాళాలు ఇచ్చిన రోజునే చెప్పారు: "ఇల్లు నీ ఇష్టమయ్యా. గోడలకి మేకులు కొట్టుకో, రంగులు మార్చుకో. ట్రాక్టర్ జోలికి మాత్రం పోకు. ఆయిల్ మార్చు, నడుపు, కడిగి పెట్టు."

మనోహర్ దాని జోలికి పోయాడు.

తప్పంతా ఇంటి పక్కనున్న ఏటవాలు గట్టుది. వాన పడితే చాలు, సగం ఎక్కాక ఒక వెనక చక్రం గిర్రున ఉన్నచోటే తిరుగుతుంది, రెండోది తనకేమీ పట్టనట్టు నిలబడుతుంది, బండి కిందికి జారుతుంది. ఇంకొకరైతే గడ్డి ఆరేదాకా ఆగేవారు. మనోహర్ చదివింది మెకానికల్ ఇంజినీరింగ్. కాలేజీ గేటు దాటి సరాసరి సాఫ్ట్‌వేర్‌లోకి దూకి పంతొమ్మిదేళ్లయింది. చదివిన రోజుల్లో వర్క్‌షాప్ రికార్డు కూడా సీనియర్ది చూసి రాసుకున్నాడు. అయినా ఎవరి కారు ఆగినా ముందు తనే బానెట్ ఎత్తి, "నేను బేసిక్‌గా మెకానికల్," అంటాడు. అతని స్నేహితుడు తేజేశ్వర్ కూడా బేసిక్‌గా మెకానికలే. పైగా అతను ఆన్‌లైన్‌లో వెల్డింగ్ మెషిన్ కొని, వెల్డ్ చేయడానికి ఏమీ దొరక్క ఆరు నెలలుగా బాధపడుతున్నాడు.

గురువారం ఇద్దరూ వర్క్ ఫ్రమ్ హోమ్ అని చెప్పి గరాజ్‌లో కూర్చుని ఒక వీడియో చూశారు. ట్రాక్టర్ వెనక చక్రాల మధ్య ట్రాన్స్ఆక్సిల్ అని ఒక డబ్బా ఉంటుంది. గేర్‌బాక్సూ ఇరుసూ అన్నీ అందులోనే. లోపల నాలుగు చిన్న పళ్ల చక్రాలు, అంటే గేర్లు, ఉంటాయి. ఏ వెనక చక్రం జారితే బలమంతా దానికే పోయేది వాటి వల్లే. వాటిని ఒకదానికొకటి అతికించేస్తే రెండు వెనక చక్రాలూ చచ్చినట్టు కలిసి తిరుగుతాయి. బురదైనా, వానైనా బండి ఎక్కాల్సిందే. వీడియోలో అంతవరకూ శ్రద్ధగా చూశారు. తర్వాత ఆ వీడియో ఆయన "అయితే ఒక్క విషయం..." అని మొదలుపెట్టేసరికి తేజేశ్వర్‌కి ఆఫీసు మీటింగ్ టైమైంది. మీటింగ్ అవగానే వెల్డింగ్ మొదలైంది.

శనివారం తొమ్మిదింటికి ట్రాక్టర్ ఏటవాలు ఎక్కింది. ఎక్కడం కాదు, తడి గడ్డి మీద పట్టుగా, ఒక్క జారుడు లేకుండా నడుచుకుంటూ పోయింది. మనోహర్ ఆనందం పట్టలేక ఇంటికి ఆనుకున్న చెక్క డెక్ మీదున్న కూతురికి చేయి ఊపాడు. పైకి చేరాక స్టీరింగ్ ఎడమకి తిప్పాడు. ముందు చక్రాలు బుద్ధిగా ఎడమకి తిరిగాయి. ట్రాక్టర్ తిన్నగా పోయింది. ఇంకా తిప్పాడు. ముందు చక్రాలు అడ్డంగా దేకుతూ గడ్డిని చాప చుట్టినట్టు చుట్టేశాయి. బ్రేకు తొక్కి, రివర్స్ చేసి, మళ్లీ ప్రయత్నించాడు. మళ్లీ తిన్నగానే పోయింది. అలా అయిదుసార్లయ్యాక చూస్తే పచ్చటి గడ్డిలో అయిదు ఎర్రమట్టి చాళ్లు ఉన్నాయి, విత్తనాలు చల్లడమే తరువాయి.

మనోహర్ వెంటనే తేజేశ్వర్‌కి ఫోన్ కొట్టాడు.

"ఒరేయ్ తేజా, తిరగట్లేదురా!"

"స్టీరింగ్ తిప్పావా?"

"లేదురా, దండం పెట్టాను! తిప్పకుండా ఉంటానా?"

తేజేశ్వర్ ఆలోచించాడు. "మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలిది తక్కువ పోవాలి కదరా. రెండిటినీ కట్టేసి తిరగమంటే ఎట్లా తిరుగుతుంది?"

"ఈ ముక్క గురువారం చెప్పాలి కదరా!"

"నువ్వు కదా మెకానికల్!"

"నువ్వూ మెకానికలే!"

చివరికి తేజేశ్వరే, "కొత్త గేర్లు ఆర్డర్ పెడితే బుధవారం వస్తాయి. అందాకా తిన్నగా పోనీయ్," అని సలహా ఇచ్చి ఫోన్ పెట్టేశాడు.

ఈలోగా నమ్రత బయటికొచ్చి ఆ చాళ్లు చూసింది. డాక్టర్‌గారు ఈ గడ్డి చూస్తే సంతకం మాట దేవుడెరుగు, పెట్టె సర్దుకోమంటారు. ఏం చేయాలో తోచక గబగబా జానకీదేవిగారికి ఫోన్ చేసింది.

"ఆంటీ, ఇవాళ కుదరదేమో ఆంటీ. నెక్స్ట్ వీక్ పెట్టుకుందామా? మావారికి... నడుం పట్టేసింది. లేవలేకపోతున్నారు."

జలుబు అనొచ్చు, కడుపునొప్పి అనొచ్చు. ఒంట్లో ఇన్ని భాగాలుండగా, నలభై ఏళ్లు వెన్నుపూసలు సర్దిన మనిషి ఇంటికి ఫోన్ చేసి నడుం అంది.

"అయ్యో! ఉండమ్మా, ఆయనకిస్తాను... ఏమండీ, ఏమండీ! ఇదిగో, ఆయన అప్పుడే బ్యాగ్ తీసేశారు. కంగారు పడకు తల్లీ, అరగంటలో అక్కడుంటాం. అతన్ని కదలనివ్వకు!"

నమ్రత డెక్ రెయిలింగ్ పట్టుకుని పైకి అరిచింది. "ఏమండీ! వాళ్లు ఇప్పుడే వస్తున్నారట! మీకు నడుం పట్టేసింది! లోపలికొచ్చి పడుకోండి!"

"నాకేం పట్టలేదే!"

"పట్టింది! నేను చెప్పేశాను!"

లోపలికెళ్లి పడుకోవడం మనోహర్‌కీ ఇష్టమే. కానీ ట్రాక్టర్‌ని షెడ్‌లో దాచాలి, షెడ్ ఎడమవైపుంది. ఇప్పుడు ఆ బండికి ఎడమవైపు అంటూ ఏమీ లేదు. ఇక మిగిలిన దారి ఒక్కటే. ఏటవాలు మీద నుంచి తిన్నగా వీధిలోకి దిగి, కొంచెం కొంచెం వంగుతూ ఆ వీధి చివర్నున్న పెద్ద గుండ్రటి చోట చుట్టు తిరిగి, డ్రైవ్‌వేలోకి ఎలాగో ఎక్కించాలి. స్మృతి ముందు నడుస్తూ దారి చూపించింది.

తారు రోడ్డు ఎక్కాక ట్రాక్టర్ గుణం ఇంకా బయటపడింది. వంగమన్నప్పుడల్లా చక్రాలు కీచుమంటూ, మనిషిని ఎగరేస్తూ గెంతింది. పక్కింటివాళ్లు వరండాల్లోకి వచ్చి చూశారు. మనోహర్ పళ్లు బిగబట్టి అందరికీ నవ్వుతూ గుడ్ మార్నింగ్ చెప్పాడు.

"డాడీ, లెఫ్ట్! లెఫ్ట్ తిప్పు డాడీ!" అంటోంది స్మృతి.

"తిప్పుతున్నానమ్మా! అది వినట్లేదు!"

"సరే, బట్ వాళ్ల మెయిల్‌బాక్స్ వస్తోంది!"

మెయిల్‌బాక్స్ వెంట్రుకవాసిలో తప్పింది. పావుగంట కుస్తీ పట్టి, డ్రైవ్‌వే దాకా వచ్చాడో లేదో, ఎదురుగా డాక్టర్‌గారి తెల్ల కారు వచ్చి ఆగింది.

శేషగిరిగారు బ్యాగ్‌తో సహా దూకినంత పని చేశారు. "ఏమయ్యా, బుద్ధుందా నీకు? నడుం పట్టేసినవాడివి ఆ కుదుపుల మీద కూర్చుంటావా? డిస్క్ జారితే జన్మంతా ఏడవాలి! దిగు!"

"పర్లేదంకుల్, ఇప్పుడు కొంచెం..."

"దిగమన్నానా!"

మనోహర్ దిగాడు. మధ్యలో గుర్తొచ్చి నడుం మీద చేయి వేసుకున్నాడు. అది చూసి డాక్టర్‌గారి మనసు కరిగింది. "నువ్వెళ్లి పడుకో. ట్రాక్టర్ నేను షెడ్‌లో పెట్టొస్తాను."

"వద్దంకుల్! మీకెందుకంకుల్ శ్రమ!"

"ఇన్నేళ్లు నేను నడిపిన బండయ్యా ఇది," అంటూ ఆయన ఎక్కి కూర్చున్నారు. కూర్చోగానే ఆయన మొహం పెళ్లికొడుకు మొహంలా వెలిగింది. ఇంజిన్ మోగింది. ట్రాక్టర్ డ్రైవ్‌వే దాటి గడ్డి ఎక్కింది. డాక్టర్‌గారు షెడ్ వైపు స్టీరింగ్ తిప్పారు.

ట్రాక్టర్ తిన్నగా పోయింది.

"అంకుల్, బ్రేక్! అంకుల్!" మనోహర్ నడుం సంగతి మర్చిపోయి పక్కనే పరుగెత్తాడు. డాక్టర్‌గారు రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని ఒళ్లంతా వంచి తిప్పుతున్నారు. ముందు చక్రాలు మట్టిని చిమ్ముతున్నాయి. జానకీదేవిగారు కారు తలుపు పట్టుకుని "అమ్మో, అమ్మో!" అని కేకలు పెట్టారు. ఇల్లు పోతే పోయింది, ఈ పెద్దాయనకేమీ కాకుండా ఉంటే చాలు అనుకున్నాడు మనోహర్. చివరికి ట్రాక్టర్ కంచె పొదల్లోకి ముక్కు దూర్చి, దగ్గి, ఆగింది.

డాక్టర్‌గారికి గీత కూడా పడలేదు. కానీ దిగలేదు. పొదల్లో అలాగే కూర్చుని తన చేతులు చూసుకుంటున్నారు. పిడికిలి బిగించారు, విప్పారు, మళ్లీ బిగించారు. తర్వాత తల తిప్పి గడ్డంతా చూశారు. పైన ఉన్న అయిదు చాళ్లూ, కింద కొత్తగా పడిందీ, అన్నీ కనిపించాయి.

"ఇదంతా నేను చేసిందేనా?" అన్నారు. "స్టీరింగ్ తిప్పలేకపోయాను జానకీ. చేతుల్లో సత్తువ పోయింది. నాకే తెలీలేదు."

అంత పెద్ద గొంతు అంత చిన్నదవడం మనోహర్ ఎప్పుడూ వినలేదు.

"నిజం చెబుతున్నా మనోహర్. ఇవాళ మూడింటికి వస్తానన్నది సంతకం పెట్టడానికి కాదయ్యా. ఆగస్టులో ఇల్లు ఖాళీ చేయమని అడగడానికి. వెనక్కొచ్చేసి, నా గడ్డి నేను కోసుకుంటూ ఉందామనుకున్నా. ఇంకెందుకు? ఆ లీజ్ ఇలా పట్రా. రెండేళ్లు కాదు, అయిదేళ్లు రాసుకో."

ఆ మాట వినగానే జానకీదేవిగారి మొహం ఎర్రబడింది గాని, ఆ సమయంలో ఎవరూ పట్టించుకోలేదు. నమ్రత లీజ్ కాగితాలూ పెన్నూ ఎప్పుడు తెచ్చిందో, ఎలా తెచ్చిందో, అప్పటికే పొదల దగ్గర నిలబడి రెండు కొట్టేసి అయిదు రాసేసింది. నోరెత్తారో చంపుతా అన్నట్టు భర్తని చూసింది. మాట్లాడకుండా ఉంటే చాలు, అయిదేళ్లు. డాక్టర్‌గారు పెన్ను అందుకుని, పట్టు కుదురుతుందో లేదో అని వేళ్లు అటూ ఇటూ ఆడించి చూసుకున్నారు. అది చూశాక మనోహర్ వల్ల కాలేదు.

"అంకుల్, మీ చేతులు బానే ఉన్నాయి. ట్రాక్టర్‌ని నేనే చెడగొట్టాను. వెనక ఇరుసులో గేర్లు వెల్డింగ్ చేసేశాం. ఎవరు తిప్పినా తిరగదు. పైనున్న చాళ్లన్నీ నావే. నాకు నడుం నొప్పి కూడా లేదు."

నమ్రత కళ్లు మూసుకుంది.

"వెల్డింగ్ చేశావా?" అన్నారు డాక్టర్‌గారు. "నా ట్రాక్టర్‌ని?"

"అవునంకుల్. సారీ అంకుల్."

"అంటే నా చేతులకేమీ కాలేదు?"

"ఏమీ కాలేదంకుల్."

శేషగిరిగారు ఒక్క ఉదుటున కిందికి దూకి మనోహర్ చేయి పట్టుకుని నొక్కారు. మనోహర్ కెవ్వుమన్నాడు. ఆ కేక విని పెద్దాయన కడుపారా నవ్వారు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, పెన్ను మూత పెట్టేశారు.

"అయితే ఆగస్టులో ఖాళీ చేసేయండి."

స్మృతి కళ్లనిండా నీళ్లు తిరిగాయి. అప్పుడు జానకీదేవిగారు నోరు విప్పారు.

"మీరు రండి ఆగస్టులో. నేను రాను. నాతో ఒక్క మాటైనా అనకుండా ఇల్లు మారిపోవడానికి ప్లాన్ చేశారా? నాకక్కడ లిఫ్ట్ ఉంది, నలుగురు స్నేహితులున్నారు. ఇక్కడ పద్నాలుగు మెట్లెక్కితే గాని మంచం లేదు. మీరూ మీ ట్రాక్టరూ ఇక్కడే ఉండి వండుకు తినండి!"

డాక్టర్‌గారు గడ్డి వైపు చూశారు. భార్య వైపు చూశారు. ఆయనకి కాఫీ కలుపుకోవడం కూడా రాదు. గట్టిగా ఒక నిట్టూర్పు విడిచి, పెన్ను మూత మళ్లీ తీశారు. అయిదు కొట్టేసి రెండు రాసి, సంతకం పెట్టారు. శనివారం శనివారం వచ్చి గడ్డి తనే కోస్తానని మాత్రం షరతు పెట్టారు. నమ్రత అక్కడికక్కడే పకోడీల పిండి కలపడానికి పరుగెత్తింది.

"బుధవారానికి కొత్త గేర్లు వచ్చేస్తాయంకుల్. బాగు చేయించేస్తాను," అన్నాడు మనోహర్.

"ఉండవయ్యా, ముందు ఏం చేశావో చూడనీ." ఆయన ట్రాక్టర్‌ని పొదల్లోంచి వెనక్కి లాగించి, ఏటవాలు ఎక్కించారు. అది తిన్నగా పైదాకా పోయింది. ఎక్కడా చక్రం జారలేదు. పైనుంచి ఆయన వేసిన కేక పక్క వీధికి కూడా వినబడింది. "ఇరవై రెండేళ్లయ్యా! ఇరవై రెండేళ్లు ఈ గట్టు నన్ను ఏడిపించింది! ఎవడైనా ఆ గేర్లు ముట్టుకున్నాడో, ఊరుకోను!"

గేర్లు బుధవారం వచ్చాయి, అదే రోజు వెనక్కి వెళ్లిపోయాయి. ఇప్పుడు ప్రతి శనివారం ఎనిమిదింటికల్లా డాక్టర్‌గారు టోపీ పెట్టుకుని వచ్చి ట్రాక్టర్ ఎక్కుతారు. ముందు బంపర్‌కి ఒక తాడు కట్టి ఉంటుంది. దాని కొస పట్టుకుని మనోహర్ పక్కన పరుగెత్తుతుంటాడు. గట్టు చివరికి రాగానే ఆయన "ఊఁ!" అంటారు, ఇతను లాగుతాడు.

స్టీరింగ్ డాక్టర్‌గారిది, మలుపులు మనోహర్‌వి.