ఆకాశం నుంచి ఊడిపడే కొట్టాలు

మీ ఊళ్లో వానలు పడతాయి. మా ఊళ్లో రాకెట్లు పడతాయి! ఇంతకంటే అదృష్టం ఏముంటుంది చెప్పండి?

ఉపగ్రహం పైకి పోతుంది. దాన్ని మోసుకెళ్లిన డొప్ప మా కజక్ గడ్డిమైదానంలో పడుతుంది. పైకి పోయింది లోకానికి, కింద పడింది మాకు. ఇంత న్యాయమైన పంపకం అన్నదమ్ముల మధ్యయినా చూశారా?

మా పొరుగాయన ఒరాజ్‌బెక్ కోళ్లగూడు చూడండి. అంతరిక్షం అంచుదాకా వెళ్లొచ్చిన రేకు దాని కప్పు! ఆ కోళ్లకిప్పుడు నేల మీద కాలు నిలవడం లేదు. మా తాతలకు గొర్రెల తొట్టి కావాలంటే ఒంటెనెక్కి సంతకు పోవాల్సి వచ్చేది. ఇప్పుడు తొట్టే మమ్మల్ని వెతుక్కుంటూ వస్తోంది. మేం కాస్త పక్కకు జరిగి నిలబడితే చాలు!

ఓర్వలేనివాళ్లు ఎక్కడైనా ఉంటారు. డొప్పలో మిగిలిన ఇంధనం విషమట. అది గడ్డిలోకి, గడ్డి నుంచి గుర్రాల పాలలోకి, పాల నుంచి పిల్లల్లోకి దిగుతుందట. మా ఆవిడ కుల్పాష్ కూడా ఆ జట్టులోనే చేరింది. మనవరాలికి పాలు పోసే ముందు రోజూ గిన్నె వాసన చూస్తుంది. అంతా ఉత్త చాదస్తం!

ఈ గోల తేల్చడానికి పట్నం నుంచి ఒక అధికారి వచ్చాడు. జీపు దిగి, నాలుగు పరకలు పీకి, వెలుతురుకు పట్టి చూశాడు.

"గడ్డి బంగారంలా ఉంది తాతా! నిశ్చింతగా మేపుకోండి."

"విన్నావా?" అన్నాను మా ఆవిడతో, మీసం దువ్వుకుంటూ.

కుల్పాష్ లోపలికెళ్లి, పులియబెట్టిన గుర్రపు పాలు గిన్నె నిండా తెచ్చి అతని చేతికిచ్చింది. మాలో గిన్నె అందుకున్న అతిథి, పగవాడి ఇంట్లోనైనా సరే, పెదవి తడపకుండా కింద పెట్టడు.

"కడుపులో కొంచెం తేడాగా ఉందమ్మా," అన్నాడతను.

"ఒక్క గుక్కే నాయనా. నువ్వు బంగారమన్న గడ్డి తిన్న గుర్రాల పాలే!"

"డ్యూటీలో ఉన్నాను కదమ్మా..."

గిన్నె కింద పెట్టేశాడు. సంచిలోంచి నీళ్ల సీసా తీసి గటగటా తాగి జీపెక్కాడు. ఎంత గొప్ప సైన్సండీ! ఇంకెవరైనా అయితే మట్టి మూటగట్టి పంపి నెలల తరబడి ఎదురుచూసేవాళ్లు. మాకు గుమ్మంలోనే ఫలితం వచ్చేసింది.

జీపు లేపిన దుమ్ము ఇంకా అణగనేలేదు, మా మనవరాలు రౌషన్ పరుగెత్తుకొచ్చి ఆ నిండు గిన్నెను రెండు చేతులా ఎత్తుకుంది.

"ఆయన తాగలేదుగా తాతయ్యా, నేను తాగేయనా?"

ఇదంతా వరమని ఇంతసేపూ మీకు నూరిపోసిన ఈ నోరు, ఆ పిల్లకి 'తాగమ్మా' అని చెప్పలేకపోయింది.